ఫ్రిజ్ నిండా రక్తం ఉన్నా ప్లేట్‌లెట్లు ఎందుకు ఉండవు?

వానలు పడి డెంగీ జ్వరాలు మొదలయ్యాయంటే గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర, విజయవాడ సూర్యారావుపేట వీధుల్లో బంధువుల పరుగులు మొదలవుతాయి. ‘ప్లేట్‌లెట్లు పడిపోయాయి, దాతలను చూసుకోండి’ అంటారు. బ్లడ్ బ్యాంకులో ఫ్రిజ్ నిండా రక్తం ఉందిగా, మళ్లీ మనుషులెందుకని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ఎర్రకణాలకు 2 నుంచి 6 డిగ్రీల చల్లదనం కావాలి. అక్కడ అవి 35 రోజులు, కొన్ని ద్రావణాలు కలిపితే 42 రోజులు నిలుస్తాయి. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టేందుకు తోడ్పడే చిన్న కణాలైన ప్లేట్‌లెట్లకు ఆ చలి పడదు. 20–24 డిగ్రీల దగ్గర, యంత్రం మీద మెల్లగా ఊగుతూ ఉండాలి. అంత చేసినా ఆయుష్షు 5 రోజులే. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను అతిచల్లగా గడ్డకట్టిస్తే ఏడాది ఉంటుంది. ఒంట్లో కలిసి తిరిగిన ఈ మూడూ బయటికొచ్చాక ఒకచోట ఇమడవు.

సోడియం సిట్రేట్ అనే రసాయనం కలిపితే రక్తం గడ్డకట్టదని 1914లోనే తేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో ప్లాస్మాను వేరుచేసి, ఎండబెట్టి, పొడిగా యుద్ధరంగానికి పంపారు. కానీ అప్పటి రక్తం గాజు సీసాల్లో ఉండేది. అందులోంచి ఏ భాగం తీయాలన్నా బయటి గాలితో క్రిములు చేరే ప్రమాదం ఉండేది. 1950 ప్రాంతంలో అమెరికా వైద్యుడు కార్ల్ వాల్టర్ తెచ్చిన ప్లాస్టిక్ బ్యాగ్ ఈ చిక్కును విప్పింది. నా లెక్కలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. ముందే గొట్టాలతో కలిపిన బ్యాగులను సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిరిగే యంత్రంలో తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి. పైన తేలినదాన్ని పక్క బ్యాగులోకి నొక్కేస్తారు. గాలి తగలదు. దాన్ని మళ్లీ తిప్పి ప్లేట్‌లెట్లనూ ప్లాస్మానూ విడదీస్తారు. ఇదంతా రక్తం తీసిన కొద్ది గంటల్లోనే, ఫ్రిజ్‌లో పెట్టకముందే జరగాలి. నిల్వ ఉన్న పాత రక్తం నుంచి ప్లేట్‌లెట్లు రాకపోవడానికి కారణం అదే.

మన దేశంలో ఇంకో చిక్కు, డబ్బుకు రక్తం అమ్మడం. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి దాన్ని నిషేధించారు. అప్పటి నుంచి భారమంతా స్వచ్ఛంద దాతల మీద, బంధువుల మీద పడింది.

టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. రక్తస్రావం లేకపోతే కౌంట్ 10 వేల లోపుకు దిగినప్పుడే ప్లేట్‌లెట్ల గురించి ఆలోచించాలని జాతీయ డెంగీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 50 వేలు చూసి పరుగెత్తనక్కర్లేదు. ఇక రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్లు పండగ రోజున కుప్పగా కాకుండా, వానాకాలమంతా వారం వారం పెట్టాలి. ఆగస్టు 15న ఇచ్చిన రక్తంలోని ప్లేట్‌లెట్లను 20వ తేదీ దాటితే పారేయాల్సిందే.