ఎండుటాకు మీద దరువు

రాత్రిపూట వరిపొలం గట్టు మీద నిలబడి, టార్చిలైటు కణత పక్కన పట్టుకుని నేల మీదికి వేస్తే గడ్డిలో పచ్చని చుక్కలు మెరుస్తాయి. అన్నీ మంచుబొట్లు కావు, కొన్ని తోడేలు సాలెపురుగుల కళ్లు. ఇవి గూడు అల్లి కాచుకునే రకం కాదు, తిరిగి వేటాడే రకం. కదిలినదల్లా తిండే అనుకునే ఆడదాని ముందుకు మగది పోవాలి. తాను తిండి కాదనీ, దాని జాతిదేననీ మీద పడకముందే తెలపాలి.

అంతకుముందు దానికో నేతపని ఉంది. వీర్యం వచ్చేది పొట్ట అడుగు నుంచి, ఆడదానికి అందించేది నోటి పక్కనుండే రెండు పొట్టి అవయవాలతో. వీటిని పాల్పులు అంటారు. అందుకని చిన్న పట్టుతెర అల్లి, దాని మీద బొట్టు విడిచి, ఆ బొట్టును పాల్పుల చివరి బుడిపెల్లోకి పీల్చుకుంటుంది. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లకు ఇది వింతేమీ కాదు: సాలె పేరు పెట్టుకున్న పురుగు మరి!

ఆడది నడిచినంత మేరా సన్నని దారం వదులుతుంది. దాని మీది రసాయనం పాల్పులకు తగిలితే చాలు, ఆడది కనబడకున్నా మగది జోడీ కోసం ఆడే ఆట మొదలుపెడుతుంది. చూడాలంటే సీసా అడుగున తెల్లకాగితం పరిచి ఆడదాన్ని ఒక రాత్రి ఉంచండి. పొద్దున దాన్ని తీసేసి, అదే కాగితం మీద మగదాన్ని వదలండి. ఏమీ జరగకపోతే ముందు వయసు చూడాలి. ఆఖరి కుబుసం విడవని మగదాని పాల్పులు ఉబ్బి నున్నగా ఉంటాయి, ఎదిగినదానికి లోపలి మెలికలు కనిపిస్తాయి. ఆడదానికైతే పొట్ట కింద గట్టి పలక ఏర్పడి ఉండాలి. రెండింటినీ కలిపేముందు ఆడదానికి కడుపునిండా మేత పెట్టండి, లేకుంటే పెళ్లికొడుకే విందు. బల్ల మీద ఫోన్ వణికినా, పైన ఫ్యాన్ తిరిగినా ఆట చెడుతుంది.

ఎందుకంటే సాలెపురుగు వినేది కాళ్లతో. కీళ్ల దగ్గరి సన్నని చీలికలు నేల అదురును పసిగడతాయి. మగది పాల్పులతో తట్టి, పొట్ట అదిలించి దరువు వేస్తుంది. డప్పుకు తోలు ఎలాగో దీనికి నేల అలాగ. అమెరికాలోని ఒక దూకే సాలెపురుగు మీద చేసిన ప్రయోగంలో ఈ అదురు ఎండుటాకుల్లో బాగా సాగింది, బండ మీదా ఇసుకలోనూ అణగిపోయింది. ఆకుల మీద ఆడిన మగవాటికే జోడీ ఎక్కువగా కుదిరింది. అందుకే కాగితం కన్నా ఎండిన టేకాకు మేలు.

జాతి గుర్తింపులో దరువు ఎంత ముఖ్యమో అక్కడి రెండు తోడేలు సాలెపురుగులే సాక్ష్యం. ఆడవి చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని మగదానికి ముందుకాళ్ల మీద వెంట్రుకల కుచ్చులుంటాయి, రెండోదానికి ఉండవు. ఇద్దరి దరువులూ వేరు, దాంతో ఒకరి ఆడది ఇంకొకరిని దగ్గరికి రానివ్వదు. మత్తిచ్చి కలిపిస్తే మాత్రం పిల్లలు పుడతాయి! ఒంట్లో అడ్డేమీ లేదు, అడ్డంతా ఆటలోనే.

దూకే సాలెపురుగుల్లో కొన్ని దరువు వేసినా, మన గోడల మీద తిరిగేవాటికి చూపు ప్రధానం. నలుపు మీద తెల్లచారల మగది ముందుకాళ్లు పైకెత్తి అటూ ఇటూ వంకర్లు పోతుంది. అద్దం పెడితే తన బింబాన్నే పోటీదారు అనుకుని బెదిరించడమూ ఉంది.

బతుకమ్మకు తంగేడు కోసేటప్పుడు పొదల నడుమ, గూట్లో ఇంటూ గుర్తు నేసిన ఆర్జియోప్ అనే సాలెపురుగు ఆడది కనబడితే అంచుల్లో వెతకండి, వేలిగోరంత కూడా లేని మగది ఉండవచ్చు. అది తనదైన దారం ఒకటి కట్టి మీటుతుంది. ఒంటిని వణికించి పంపే ఆ అదురు ఆడదాని దూకుడును కాసేపు ఆపుతుంది. కొన్ని మగవి అంతకన్నా గడుసువి: ఆడది కుబుసం విడిచి, కోరలింకా మెత్తగా ఉన్న వేళకు కాచుకుంటాయి. ఇంత జాగ్రత్త పడ్డా, అమెరికాలోని ఒక ఆర్జియోప్ మగది రెండో పాల్ప్ దింపిన కాసేపటికి, ఆడది కొరకకున్నా, తనంతట తానే గుండె ఆగి చచ్చిపోతుంది.