లావుపాటి సీటు బెల్టు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న విమానంలో మనకు మొదటి వరుస సీట్లు దొరికాయని ఎంత సంబరపడ్డారో! ఎదురుగా గోడే తప్ప ఇంకో సీటు లేదు. బెల్టు పెట్టుకుంటూ "తాతయ్యా, ఇది ఇంత లావుగా ఉందేంటి?" అని చిన్నది అడిగింది. ఇంతలో విమానం కదిలింది. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

ఆ బెల్టులో ఎయిర్‌బ్యాగ్ మడిచి పెట్టి ఉంది. కారులో అది స్టీరింగ్‌లోంచి వస్తుంది, ఇక్కడ మీ ఒళ్లోంచే వస్తుంది.

విమానం బెల్టు నడుముకే ఉంటుంది కదా. విమానం దేనికైనా గుద్దుకుని ఉన్నపళంగా ఆగితే నడుము ఆగుతుంది, తల మాత్రం విసురుగా ముందుకు పోతుంది. ఎదురుగా సీటు ఉంటే దాని వీపు కాస్త వంగి దెబ్బ తగ్గిస్తుంది. గోడ వంగదు. అందుకే ఈ బెల్టులు ఎక్కువగా గోడ ముందు సీట్లకే ఉంటాయి. బిజినెస్ క్లాసులో ఏటవాలుగా అమర్చిన సీట్లకూ పెడతారు.

అమెరికాలో 1988లో ఒక నియమం వచ్చింది. కొత్త డిజైన్ విమానాల్లో సీటు 16 జీ (మన బరువుకు 16 రెట్ల బలం) కుదుపును తట్టుకోవాలి. అంటే 25 కిలోల పిల్ల ఆ క్షణంలో 400 కిలోల బరువుతో బెల్టును లాగినట్టు! మనిషి బొమ్మను కూర్చోబెట్టి పరీక్షిస్తారు. తలకు తగిలే దెబ్బకూ ఒక లెక్క ఉంది, అది 1000 దాటకూడదు. గోడ ముందు సీట్లలో ఈ లెక్క తేలడమే కష్టం. సీట్లు వెనక్కి జరిపితే చోటు పోతుంది. ఆ చిక్కు తీర్చడానికే బెల్టులోకి బ్యాగ్ వచ్చింది. 2001 నుంచి విమానాల్లో వాడుతున్నారు. నాకైతే ఇది చాలా తెలివైన ఆలోచన అనిపిస్తుంది.

సీటు కింద చిన్న సిలిండర్లో గ్యాస్ కుక్కి ఉంటుంది. పక్కనే సెన్సర్. ముందుకు వెళ్తున్న విమానం బలంగా ఆగినప్పుడే అది పనిచేస్తుంది. గాలిలో కుదుపులకు తెరుచుకోదు, కాబట్టి టెన్షన్ వద్దు. తెరుచుకుంటే రెప్పపాటులో మీకు ఎదురుగా ఉబ్బి, వెంటనే చప్పబడిపోతుంది. లేచి బయటికి పరిగెత్తడానికి అడ్డం రాదు.

బకిల్ పెట్టుకోకపోతే మాత్రం ఇదేదీ పనిచేయదు. ఒళ్లో పసిపాప ఉంటే ఆ పాపను ఈ బెల్టు లోపల ఉంచి కట్టకూడదు, బ్యాగ్ ఉబ్బేది సరిగ్గా అక్కడే. ఈసారి తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ మొదటి వరుసలో కూర్చుంటే, ఈ మాట మీరే గుర్తుచేయండి.

మీ తాతయ్య