మంచు దేశంలో డెక్: ఖర్చంతా కంటికి కనిపించని చోటే

అమెరికాలోనో కెనడాలోనో ఇల్లు కొనుక్కున్న పిల్లలు లేని వీధి ఇప్పుడు మన విశాఖ ఎంవీపీ కాలనీలో దొరకడం కష్టమే. ఇల్లు కొన్న ఒకటి రెండేళ్లకు వాళ్ల ఫోన్లలో ఒక కొత్త ముచ్చట మొదలవుతుంది. ఇంటి వెనక డెక్, అంటే స్తంభాల మీద చెక్క పలకలు పరిచిన అరుగు కట్టిస్తున్నాం, మామూలు చెక్క వద్దనుకుంటున్నాం, చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిట్ పలకలు వేయిద్దామనుకుంటున్నాం అని. కొటేషన్ వినగానే ఇక్కడ పెద్దాయనకు బీపీ పెరుగుతుంది. "ఏటండీ, చెక్క అరుక్కి అంతా? ఆ డబ్బులెడితే ఇక్కడ మేడ మీద ఇంకో గది లేపేయొచ్చు!"

ఆయన అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. కాకపోతే ఆయన లెక్కేస్తున్నది పైన కనిపించే పలకల్ని. అమెరికా ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మినియాపొలిస్ లాంటి ఊళ్లో డెక్ ఖర్చులో పెద్ద భాగం పలకల కింద ఉంటుంది. ఎన్నేళ్లు నిలబడుతుందన్నదీ అక్కడే తేలుతుంది. కాబట్టి పలక రంగు చూడకముందు నేల గురించి మాట్లాడుకోవాలి.

మనకు నేల గడ్డకట్టడం అనుభవంలో లేని విషయం. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున గడ్డి మీద తెల్లటి మంచు పేరుకున్నా, ఎండ రాగానే కరిగిపోతుంది. కింద మట్టికి ఆ సంగతే తెలియదు. మిన్నెసోటాలో అలా కాదు. నెలల తరబడి సున్నాకి కింద ఉండే చలి, పైనుంచి మట్టిలోకి దిగుతూ పోతుంది. అది ఎంత లోతు వరకు దిగొచ్చో లెక్కేసి, అక్కడి బిల్డింగ్ కోడ్ ఒక హద్దు పెట్టింది. మినియాపొలిస్ ఉన్న దక్షిణ భాగంలో పునాది 42 అంగుళాల లోతుకు, ఉత్తర జిల్లాల్లో 60 అంగుళాల లోతుకు దిగాలి.

ఎందుకంత లోతు? నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుందని బడిలో చదువుకున్నాం. మట్టిలో నీరు ఉబ్బి స్తంభాన్ని పైకి తోస్తుందని సరిపెట్టుకోవచ్చు. అసలు కథ అంతకన్నా విచిత్రంగా ఉంది. అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1930 ప్రాంతంలో మట్టిని నీటికి బదులు బెంజీన్ అనే రసాయన ద్రవంతో తడిపి గడ్డకట్టించి చూశాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది! అంటే ఉబ్బడం ఒక్కటే కారణం కాదన్నమాట. గడ్డకట్టే హద్దు దగ్గర, కింద ఉన్న తడి మట్టి సందుల్లోంచి నీరు పైకి పీల్చుకుపోతుంది. అక్కడ చేరి, పలచటి మంచు పొరలుగా పేరుకుంటుంది. నీరు అందుతున్నంత కాలం ఆ పొరలు మందమవుతూనే ఉంటాయి. వాటికి ఇల్లు, స్తంభం అన్న తేడా లేదు, పైన ఏముంటే దాన్ని ఎత్తేస్తాయి.

ఈ గొడవ అన్ని నేలల్లోనూ ఒకేలా ఉండదు. గులకరాళ్లలో, ముతక ఇసుకలో నీరు పైకి ఎగబాకదు. గట్టి బంకమట్టిలో నీరు మెల్లగా కదులుతుంది. రెండింటికీ మధ్య ఉండే మెత్తటి ఒండ్రు మట్టి అన్నిటికన్నా ప్రమాదం. నీటిని బాగా పీలుస్తుంది, వేగంగా పంపిస్తుంది కూడా.

ఇంటి పునాది లోతుగా ఉంటుంది కాబట్టి కదలదు. పక్కన డెక్ స్తంభాలు రెండడుగుల లోతులోనే ఆగితే అవి చలికాలంలో లేచి, వసంతంలో కుంగుతాయి. ఏటా ఇదే తంతు. డెక్‌ను ఒకవైపు మోసేందుకు ఇంటిగోడకు బోల్టులతో బిగించిన లెడ్జర్ బోర్డు అనే పట్టీ దగ్గర ఆ లాగుడంతా పడుతుంది. పైన ఎంత ఖరీదైన పలక వేసినా దీన్ని ఆపలేదు.

ఒక మామూలు డెక్ తీసుకుందాం, 12 అడుగులు వెడల్పు, 16 అడుగులు పొడవు. ఆరు స్తంభాలు అనుకుంటే, ఒక్కో గుంట అడుగు వ్యాసంతో 42 అంగుళాలు తవ్వి కాంక్రీటు నింపాలి. ఒక్కో గుంటకు దాదాపు 185 కిలోల కాంక్రీటు పడుతుంది. ఆరింటికి కలిపి టన్ను పైనే. అదే డెక్ విశాఖలో అయితే అడుగున్నర లోతు చాలనేవాడు మేస్త్రీ. కూలీ ఖరీదైన దేశంలో ఈ తవ్వకం బిల్లు ఎందుకంత వస్తుందో ఇప్పుడు పెద్దాయనకు చెప్పొచ్చు. కాంక్రీటుకు బదులు మరలాంటి ఉక్కు స్తంభాల్ని యంత్రంతో నేలలోకి తిప్పి దించే పద్ధతి కూడా ఉంది. రేటు ఎక్కువే గానీ పని ఒక్కరోజులో అయిపోతుంది, ఎండే దాకా ఆగక్కర్లేదు.

తర్వాత మంచు బరువు. డెక్ మీద మనుషులు, కుర్చీల కోసం అమెరికా కోడ్ చదరపు అడుగుకు 40 పౌండ్లు లెక్కేస్తుంది. మిన్నెసోటాలో నేలమీది మంచు బరువుకు కోడ్ చెప్పే లెక్క దక్షిణాన 50 పౌండ్లు, ఉత్తరాన 60. మన 192 చదరపు అడుగుల డెక్ మీద 50 పౌండ్ల చొప్పున వేస్తే దాదాపు 4,350 కిలోలు. అప్పుడే పడిన మంచు దూదిలా తేలిక, నెలరోజులు పేరుకుని తడిసిన మంచు దానికి మూడు నాలుగు రెట్లు బరువు. ఇంటి పైకప్పు మీంచి జారిపడే మంచు కూడా డెక్ మీదే పోగవుతుంది. అందుకే దూలాల సైజు, వాటి మధ్య దూరం దగ్గర బేరం ఆడకూడదు.

ఆ దూలాలు మాత్రం చెక్కవే. కాంపోజిట్ పలక పేరుకు చెక్కలా కనిపించినా, వంగకుండా నిలిచే గట్టిదనంలో అసలు చెక్కలో మూడో వంతో, ఇంకా తక్కువో ఉంటుంది. దానితో దూలం చేస్తే కొన్నాళ్లకు ఊయలలా దిగుతుంది. అందుకే పలకల కింద దూలాలు 16 అంగుళాలకు ఒకటి ఉండాలని, పలకల్ని ఐమూలగా వేస్తే 12 అంగుళాలకే ఉండాలని కంపెనీలు సాధారణంగా రాస్తాయి. ఐమూల డిజైన్ ముచ్చటగానే ఉంటుంది. కాకపోతే దూలాలు పెరుగుతాయి, కోతల్లో పలకా వృథా అవుతుంది. డబ్బు లెక్క చూసుకునేవాళ్లకు నా సలహా, నేరుగా వేయించుకోండి.

ఇక పలకలు. కాంపోజిట్ అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి వేడిచేసి అచ్చులోంచి సాగదీసిన సరుకు. ప్లాస్టిక్ సాధారణంగా పాలిథీన్, చాలావరకు వాడి పారేసిన సంచులు, ప్యాకింగ్ పొరల నుంచి వచ్చేదే. ఈ రంగంలో అందరికీ తెలిసిన ట్రెక్స్ కంపెనీ 1996లో మొబిల్ నుంచి విడిపోయి మొదలైంది. తొలితరం పలకలకు పైన పొర ఉండేది కాదు. చెక్కపొడి సగానికి పైగా ఉండటంతో అవి నీరు పీల్చేవి, నల్లమచ్చల బూజు పట్టేది, రంగు వెలిసేది. 2010 ప్రాంతం నుంచి పలకకు గట్టి ప్లాస్టిక్ తొడుగు వేసి చేసే రకాలు బాగా వచ్చాయి. మంచు ప్రాంతంలో తొడుగు లేని రకం కొనడం నా దృష్టిలో దండగ. పలకలోకి చేరిన నీరు పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగి ఒక చలికాలంలోనే చాలాసార్లు లోపలి సందుల్ని పెద్దవి చేస్తుంది.

తొడుగులోనూ రెండు రకాలు. పైనా, రెండు పక్కలా వేసి అడుగున వదిలేసేది ఒకటి, నాలుగు వైపులా వేసేది ఇంకోటి. డెక్ నేలకు బాగా దగ్గరగా ఉండి కింద గాలి ఆడకపోతే రెండోది మేలు. ఎత్తుగా ఉండి కింద గాలి తిరిగితే మొదటిదీ చాలు. చెక్కపొడి అసలే లేని పీవీసీ పలకలు కూడా ఉన్నాయి. నీటికి అస్సలు భయపడవు, తేలిక. అయితే ధర ఎక్కువ, వేడికీ చలికీ మామూలు కాంపోజిట్ కన్నా ఎక్కువ సాగి కుంచించుకుంటాయి.

ఆ సాగడం సంగతి చూద్దాం. ఉక్కు ఊరిలో ఉన్నవాళ్లకు రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదిలేవారో చెప్పక్కర్లేదు. ఒక డిగ్రీ వేడికి ఉక్కు తన పొడవులో పది లక్షల్లో 12 వంతులు సాగుతుంది. కాంపోజిట్ పలక సుమారు 35 వంతులు. విశాఖలో జనవరి రాత్రికీ మే మధ్యాహ్నానికీ గాలిలో తేడా 20 డిగ్రీలు ఉంటే గొప్ప. మినియాపొలిస్‌లో జనవరి చలి మైనస్ 25 దాటొచ్చు, జులైలో 32 రావచ్చు. ఎండలో ముదురు రంగు పలక గాలి కన్నా ఇంకా చాలా వేడెక్కుతుంది. 16 అడుగుల పలకను 30 డిగ్రీల్లో బిగించారనుకోండి. మైనస్ 30కి వచ్చేసరికి అది లెక్క ప్రకారం 10 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. రెండు పలకలు చివర్లు కలిసేచోట వేసవిలో 3 మిల్లీమీటర్ల సందు వదిలితే, సంక్రాంతి నాటికి అది దాదాపు 13 మిల్లీమీటర్లు అవుతుంది. చలిలో బిగించినప్పుడు సందు సరిగ్గా వదలకపోతే దీనికి తలకిందులు. వేసవిలో పలకలు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. అందుకే బిగించేరోజు ఉష్ణోగ్రతను బట్టి ఎంత సందు వదలాలో ప్రతి కంపెనీ ఒక పట్టిక ఇస్తుంది. పనివాళ్లు ఆ కాగితం చూశారా లేదా అన్నది అడగాల్సిన ప్రశ్న.

అసలు అతుకులే లేకుండా చేసుకుంటే ఈ టెన్షనే ఉండదు. పలకలు 12, 16, 20 అడుగుల పొడవుల్లో దొరుకుతాయి. కాబట్టి డెక్ పొడవు 16 అడుగులే పెట్టుకుంటే అతుకూ లేదు, వృథా కూడా తక్కువ. ముచ్చటపడి 17 అడుగులు పెట్టారా, 20 అడుగుల పలక కొని మూడు అడుగులు పారేయాలి.

ఈ లెక్కతోనే బడ్జెట్ కూడా తేలిపోతుంది. పలక వెడల్పు ఐదున్నర అంగుళాలు, మధ్యలో పావు అంగుళం సందు. 12 అడుగుల వెడల్పుకు పాతిక పలకలు, అంటే 400 అడుగుల పొడవు సరుకు. పది శాతం అదనంగా కలిపితే 440. ఇప్పుడు చవక రకానికీ, దానిపై రకానికీ అడుగుకు 2 డాలర్లు తేడా ఉందనుకోండి, మొత్తం మీద తేడా 880 డాలర్లు. షోరూములో నమూనాలు పట్టుకుని వారం రోజులు తలబద్దలు కొట్టుకునేది ఈ తేడా గురించే. మొత్తం బిల్లులో దాని వాటా ఎంతో కొటేషన్ పక్కన పెట్టుకుని చూడండి. పునాదులు, దూలాలు, మెట్లు, రెయిలింగ్, కూలీ, పర్మిట్ ఇవేవీ పలక రకంతో పెద్దగా మారవు.

ఖర్చు తగ్గించాలంటే రెయిలింగ్ వైపు చూడటం మంచిది. అది అడుగుల లెక్కన వస్తుంది, కాంపోజిట్‌లో తీసుకుంటే పలకల కన్నా చురుక్కుమంటుంది. డెక్ నేలకు 30 అంగుళాల లోపు ఎత్తులో ఉంటే అమెరికా నమూనా కోడ్ ప్రకారం రెయిలింగ్ తప్పనిసరి కాదు, అయితే స్థానిక నిబంధన అడిగి తెలుసుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో కోడ్ అడగకపోయినా పెట్టుకోవడమే నయం. మెట్లు తగ్గినా డబ్బు మిగులుతుంది, ఎందుకంటే మెట్ల కింద ఆధారాలు ఇంకా దగ్గర దగ్గరగా వేయాలి.

తగ్గించకూడనివి మేకులు, బోల్టులు, బ్రాకెట్లు. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ గ్రిల్లు ఎంత తొందరగా తుప్పు పడుతుందో చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ సముద్రం లేదుగా అనిపిస్తుంది గానీ తుప్పుకు వేరే దారులున్నాయి. దూలాల చెక్క కుళ్లకుండా పట్టించే మందుల్లో ఆర్సెనిక్ కలిసిన పాత రకాన్ని ఇళ్ల చెక్కకు వాడటం అమెరికాలో 2003 చివరితో ఆగింది. దాని స్థానంలో వచ్చిన మందుల్లో రాగి ఎక్కువ. తడి తగిలితే ఆ రాగి మామూలు ఇనుప మేకును తినేస్తుంది. పైగా చలికాలమంతా మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. అందుకే జింకు కరిగించి ముంచిన మేకులు, లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి. దూలాల పైఅంచు మీద బ్యూటైల్ టేపు (రబ్బరులాంటి జిగురు పట్టీ) అంటిస్తే మేకు రంధ్రంలోంచి నీరు దిగదు. దానికయ్యే ఖర్చు తక్కువ, దూలానికి కలిగే మేలు ఎక్కువ.

రంగు విషయంలో అభిరుచి ఎవరిది వాళ్లదే. ముదురు బూడిద రంగు ఫొటోల్లో బాగుంటుంది, జులై ఎండలో మాత్రం చెప్పుల్లేకుండా అడుగు పెట్టనివ్వదు. వీసా మీద వేసవిలో వెళ్లే అమ్మానాన్నలు గడప దాటేది చెప్పుల్లేకుండానే అని కూడా ఆలోచించుకోండి.

వారెంటీ కాగితం మీద 25 ఏళ్లు, 50 ఏళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో చూడాల్సినవి మూడు. కొత్త పలక మాత్రమే ఇస్తారా, విప్పి బిగించే కూలీ కూడా ఇస్తారా? ఏళ్లు గడిచే కొద్దీ పరిహారం తగ్గుతుందా? దూలాల దూరం, సందులు, కింద గాలి వదలడం వాళ్లు చెప్పినట్టు లేకపోతే వారెంటీ రద్దవుతుందా? మూడోదానికి జవాబు దాదాపు ఎప్పుడూ అవుననే. కాబట్టి పలకలు పరవకముందే దూలాల్ని టేపు పెట్టి కొలిచి ఫొటోలు తీసి ఉంచుకోవాలి. పైన కప్పేశాక ఎవరూ చూడలేరు.

పని పెట్టుకునేది మే తర్వాతైతే, కొటేషన్లు చలికాలంలోనే అడగడం మంచిది. వసంతం వచ్చేసరికి మంచి పనివాళ్ల దగ్గర క్యూ మొదలవుతుంది. అమెరికాలో తవ్వే ముందు 811 నంబరుకి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.

కట్టాక చలికాలంలో చేయాల్సింది పెద్దగా లేదు. బరువుకు తగ్గట్టు కట్టించి ఉంటే మంచు మొత్తం తీయనక్కర్లేదు, నడిచే దారి తీస్తే చాలు. ఇనుప పార వాడితే తొడుగు గీసుకుపోతుంది, ప్లాస్టిక్ పారతో, పలక పొడవు వెంబడే తోయాలి. మామూలు రాతి ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది, అంతకు మించిన చలిలో కాల్షియం క్లోరైడ్ వాడాలి. ఏది చల్లినా తెల్లటి పొర మిగులుతుంది. ఏప్రిల్‌లో గొట్టం పెట్టి కడిగేయమని చెప్పండి.