ముందు ఎవరి బిందె?

చిరంజీవి అమ్ములుకి, చిన్నుకి తాతయ్య దీవెనలు.

"తమ్ముడు ఉండగా స్వీడన్‌కి విక్టోరియా రాణి ఎలా అవుతుంది తాతయ్యా?" అని చిన్ను అడిగాడు. ఫోన్‌లో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

మా చిన్నప్పుడు వీధికంతా ఒకటే కుళాయి. తెల్లవారకముందే వెళ్లి బిందె వరసలో పెట్టి వచ్చేవాళ్లం. మనిషి లేకపోయినా బిందె ఉంటే చోటు ఉన్నట్టే. అంచు సొట్టపోయిన మా ఇత్తడి బిందెను చీకట్లో తడిమి గుర్తుపట్టేవాణ్ణి. రాజుగారింట్లో బిడ్డ పుట్టినా అంతే, సింహాసనం కోసం ఉన్న వరసలోకి ఒక బిందె వస్తుంది. కాకపోతే దాన్ని చివర పెట్టరు. అమ్మదో నాన్నదో బిందె ఉంటుంది చూడు, దాని వెనకే పెడతారు. బాబాయిల బిందెలు ఇంకాస్త వెనక్కి జరుగుతాయి.

స్వీడన్ రాజుగారి పెద్ద కూతురు విక్టోరియా 1977లో పుట్టినప్పుడు అక్కడి చట్టంలో ఆడపిల్ల బిందెకి చోటే లేదు. 1979 మేలో తమ్ముడు కార్ల్ ఫిలిప్ పుట్టాడు, పుడుతూనే యువరాజయ్యాడు. 1980 జనవరి 1న కొత్త చట్టం వచ్చింది. ఆడైనా మగైనా ముందు పుట్టినవాళ్లదే ముందు చోటు. ఏడు నెలల పసివాడి బిందె తీసి అక్క బిందె వెనక పెట్టారు. ఇచ్చిన హోదాను కొడుకు దగ్గర్నుంచి తీసెయ్యడం వాళ్ల నాన్న కార్ల్ 16వ గుస్తాఫ్ రాజుకి నచ్చలేదు. అయినా అక్కడ చట్టం చేసేది పార్లమెంటు. ఇప్పుడు విక్టోరియా వెనక ఆమె కూతురు ఎస్తెల్ ఉంది.

నార్వే 1990లో చట్టం మార్చింది కానీ అప్పటికే పుట్టినవాళ్లలో తమ్ముణ్ణే ముందుంచింది. అందుకే 1971లో పుట్టిన అక్క మార్తా లూయిస్ కంటే 1973లో పుట్టిన రాజుగారి కొడుకు హాకోన్ ముందున్నాడు. ఇది నాకు మింగుడుపడదు. మా అక్క నాకంటే ముందే లేచి వెళ్లి బిందె పెట్టేది. తీరా నీళ్లు వచ్చే వేళకి "మగపిల్లాడు, బడికి పోవాలి" అంటూ పెద్దవాళ్లు నా బిందెను ముందుకు జరిపేవారు. అక్కకీ బడి ఉండేది. ఏమీ అనకుండా వోణీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడేది. మీరిద్దరూ మాత్రం ఎవరి వంతు వాళ్లకి ఇవ్వండమ్మా.

డెన్మార్క్‌లో ఫ్రెడరిక్ 9వ రాజుకి ముగ్గురూ కూతుళ్లే. తర్వాత రాజు కావలసింది ఆయన తమ్ముడు క్నుద్. 1953లో జనం ఓటేసి చట్టం మార్చారు. పెద్ద కూతురు, పదమూడేళ్ల మార్గ్రెతే బిందె బాబాయి బిందెను దాటి ముందుకొచ్చింది. 1972 జనవరి 14న రాణి అయిన ఆమె సరిగ్గా 52 ఏళ్లు ఏలి, 2024లో అదే తేదీన తానే తప్పుకుని కొడుక్కి అప్పగించింది. ఎంత నిండుగా ఏలిందో!

బిరుదు వేరు, వరస వేరు. మార్గ్రెతే చిన్న కొడుకు యోఆకిం పిల్లలు నలుగురికీ 2023 నుంచి రాకుమార బిరుదులు ఉండవని ఆ రాణే చెప్పింది. వాళ్లు బాధపడ్డారు. అయితే బిందె మీద పేరు మారిందే గానీ బిందె కదల్లేదు. వరసలో వాళ్ల చోటు అలాగే ఉంది.

ఇక మీ వంతు. ఒక తెల్లకాగితం మీద హాకోన్ పేరు, పక్కన వాళ్లక్క పేరు రాయండి. హాకోన్ కింద 2004లో పుట్టిన ఇంగ్రిద్ అలెక్సాండ్రా, 2005లో పుట్టిన స్వెర్రే మాగ్నుస్ పేర్లు రాయండి. ఆడపిల్లకి చోటివ్వని పాత పద్ధతిలో ఒకసారి, ముందు పుట్టినవాళ్లే ముందు అన్న పద్ధతిలో ఒకసారి బిందెలు పేర్చి, ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి.

మీ
తాతయ్య