వాననీటిని పడిన చోటే ఇంకించడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: కాలువలను వెడల్పు చేస్తే సరిపోతుంది, వీధివీధినా చిన్న వానతోటలు (వాననీరు చేరి నేలలోకి ఇంకేలా కాస్త పల్లంగా చేసి మొక్కలు నాటిన చోట్లు) పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: వంద చదరపు మీటర్ల డాబాపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 2,500 లీటర్ల నీరు దిగుతుంది. ఇలాంటి డాబాలూ రోడ్లూ వేల సంఖ్యలో ఒకే సమయాన ఒకే కాలువలోకి నీటిని వదలడం వల్లనే ముంపు వస్తుంది కనుక, కాలువను మాత్రమే పెంచడమంటే ఆ నీటిని మరింత వేగంగా దిగువవారి మీదికి పంపడమే. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం మురుగు, వాననీరు కలిసి పారే పాత పైపులు పొంగకుండా చూసేందుకు 2011లో చేపట్టిన 25 ఏళ్ల ప్రణాళికలో వానతోటలకూ, నీటిని ఇంకించే వీధులకూ ప్రధాన స్థానం ఇచ్చింది.

అపోహ: ఇవి ఉంటే ఎంతటి కుంభవృష్టికైనా భయం లేదు.

వాస్తవం: ఉంది. ఇవి తరచుగా కురిసే చిన్న, మధ్యస్థాయి వానల కోసం రూపొందించినవి. అంతకు మించిన నీరు సురక్షితంగా పొర్లి కాలువలో కలిసే దారి లేని వానతోటను నేను ఆమోదించను.

అపోహ: నీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

వాస్తవం: సక్రమంగా కట్టిన వానతోటలో నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతుంది, దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చే దశకు చేరడానికి సాధారణంగా వారం పైనే పడుతుంది. బంకమట్టి నేలల్లో అడుగున కంకర, చిల్లుల పైపు వేస్తే నీరు నిలవదు.

అపోహ: ఒకసారి మొక్కలు నాటాక అంతా ప్రకృతే చూసుకుంటుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే మంచి నిర్మాణాలు చాలావరకు దీనివల్లనే పాడవుతున్నాయి. జోరువానలో ఒక వానతోట పక్కన నిలబడి చూశాను: రోడ్డు మీద మడమల లోతు నీరు పారుతున్నా తోటలో మట్టి పొడిగానే ఉంది. రోడ్డు అంచు రాళ్ల మధ్య నీరు లోపలికి రావడానికి వదిలిన సందులో ఎండుటాకులూ ఇసుకా జానెడు ఎత్తున పేరుకుని అడ్డుపడ్డాయి. పారతో నాలుగైదు సార్లు తోడేసరికి ప్రవాహం తోటలోకి మళ్లింది. వీధుల్లో పరిచే, నీటిని ఇంకించే ఇటుకల సందులు కూడా ఇలాగే సన్నని దుమ్ముతో పూడుకుపోతాయి. వాటిని యంత్రంతో పీల్చి శుభ్రం చేయించే ఖర్చును మొదటి అంచనాలోనే చేర్చాలి.