నేపాల్ కొండల్లో ఊరి నుంచి ఊరికి నడక: ఖర్చు గురించి అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం నుంచి చిన్న బృందాలను నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల వైపు నడకకు తీసుకెళ్లడం నా పని. ఫోన్ చేసినవాళ్లు మొదట అడిగేది "మొత్తం ఎంతవుద్దండీ?" అనే. నేను మాత్రం "ఎన్ని రోజులు సెలవు పెట్టగలరు?" అని అడుగుతాను, ఎందుకంటే ఈ నడకలో డబ్బు ఖర్చయ్యేది రోజుల లెక్కనే. రోజులు తేలకుండా చెప్పే బడ్జెట్ ఏదైనా ఉజ్జాయింపే.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. మనం నడిచి చేరేది అన్నపూర్ణ బేస్ క్యాంప్ అనే చోటికి, అది 4,130 మీటర్ల ఎత్తులో ఉంది. దారిలో గుడారాలు మోయక్కర్లేదు. ఘాంద్రుక్, ఛోమ్రోంగ్, బ్యాంబూ, డియురాలి, ఇలా ప్రతి మజిలీలో టీ హౌస్ అనే లాడ్జి ఉంటుంది, అక్కడే తిని అక్కడే పడుకుని పొద్దున్నే పై ఊరికి బయల్దేరడమే. ఛోమ్రోంగ్ దాటాక ఇళ్లున్న ఊళ్లు ఉండవు, లాడ్జిలే ఉంటాయి.

అపోహ: "రూము చవక, కాబట్టి అంతా చవకే."

అందరి లెక్కా తప్పేది ఇక్కడే. రూము అద్దె తక్కువే, కానీ రాత్రి భోజనం, పొద్దున టిఫిను ఆ లాడ్జిలోనే తినాలనేది అక్కడి పద్ధతి. వాళ్ల బతుకు గడిచేది వంటగది మీదే. రూములో పడుకుని బయట తినేస్తామంటే అద్దె పెంచుతారు, అందులో తప్పేం లేదు. ఎత్తుకి పోయేకొద్దీ తిండి ధర పెరుగుతుంది, నడకకి ముందు ఆగే పట్నం పోఖరాలో తిన్న పప్పు అన్నానికి బేస్ క్యాంపులో రెండింతలు దాటినా ఆశ్చర్యం లేదు. ఆ బియ్యం, ఆ గ్యాస్ బండ రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కంచర గాడిదల మీద, ఆ పైన మనుషుల వీపుల మీద చేరతాయి. ఆ మోత కూలి కూడా ధరలో కలిసి ఉంటుంది కాబట్టి పైన ఊళ్లలో బేరం ఆడవద్దని మా వాళ్లకి ముందే చెప్తాను.

దాల్ భాత్ చెప్పుకుంటే అన్నం, పప్పు, కూర మళ్లీ అడిగి వేయించుకోవచ్చు, అదనంగా డబ్బు తీసుకోరు. నడిచొచ్చిన మనిషికి దీన్ని మించిన గిట్టుబాటు లేదు. పిజ్జాలు, నూడుల్స్ మెనూలో ఉంటాయి, వాటికి రెండోసారి వడ్డించరు. మన ఆవకాయ, కరివేపాకు పొడి డబ్బాలో పట్టుకెళ్లండి, ఎవరూ ఏమీ అనరు. పలాస జీడిపప్పు, వేరుశెనగ చిక్కీ, కాస్త బెల్లం జేబులో ఉంటే దారి పొడవునా కొనే చాక్లెట్ల ఖర్చు తప్పుతుంది. లాడ్జి వంటింట్లో సొంత మ్యాగీ వండుకుంటామని మాత్రం అడక్కండి.

ఇక కంటికి కనపడని ఖర్చులు. వేడినీళ్ల స్నానానికి వేరే, ఫోన్ చార్జింగ్‌కి వేరే, వైఫైకి వేరే, తాగడానికి కాచిన నీళ్లకి లీటరుకి ఇంత. పైన చలికి భోజనాల గదిలో పెద్ద బల్ల చుట్టూ దుప్పట్లు వేలాడదీసి కింద హీటర్ వెలిగిస్తారు, కాళ్లు లోపల పెట్టుకుని కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. దానికీ మనిషికింత అని తీసుకుంటారు. టీ కూడా అంతే, రోజుకి నాలుగు కప్పులు తాగే అలవాటున్నవాళ్లు దాన్ని వేరే పద్దుగా రాసుకోవాలి. ఇవన్నీ కలిపి, గైడు, పోర్టరు కాకుండా, ఒక మనిషికి ఒక రోజుకి నేను 4,000 నేపాలీ రూపాయలు వేస్తాను, అంటే మన డబ్బుల్లో 2,500. కింద ఊళ్లలో ఇందులో మిగులుతుంది, ఆ మిగిలింది పైన ఖర్చవుతుంది.

అపోహ: "ఎనిమిది రోజుల ప్యాకేజీ అంటే ఎనిమిది రోజుల డబ్బు చాలు."

ప్యాకేజీ రోజులు పోఖరా నుంచి మొదలవుతాయి, మీ ఖర్చు విజయనగరం స్టేషన్లోనే మొదలవుతుంది. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, సరిహద్దు దాటి బీర్‌గంజ్, అక్కడి నుంచి పోఖరాకి బస్సు. పోనూ రానూ దాదాపు ఆరు రోజులు, ఆ ఆరు రోజుల తిండి, లగేజీ ఆటోలు, హౌరాలో రైలు మారే మధ్య గంటలు, అన్నీ డబ్బే. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, తెరిచిన రోజే చేసుకోకపోతే తత్కాల్‌కి అదనంగా కట్టాలి. తిరుగు టికెట్ మాత్రం నడక అయ్యే రోజుకి అతికించినట్టు చేయకండి. మధ్యలో కనీసం రెండు రోజులు వదలండి.

ఆ రెండు రోజులు ఎందుకంటే, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి కాబట్టి 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక విశ్రాంతి రోజు ఉండాలని వైద్యులు చెప్తారు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. డియురాలి పైన మంచు చరియలు విరిగిపడే చోట్లున్నాయి, ముఖ్యంగా వసంతంలో. లాడ్జివాళ్లు ఇవాళ వద్దంటే వద్దే. అలా ఆగిన రోజుకీ తిండి, గది, గైడు కూలి ఉంటాయి కదా. జేబులో ఆ డబ్బు లేనివాడు తలనొప్పితోనే పైకి నడుస్తాడు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. అందుకే మొత్తం బడ్జెట్‌లో ఐదో వంతు వేరే కవరులో పెట్టించి, ఇలా ఆగాల్సొస్తేనో, ప్రాణం మీదికి వస్తేనో తప్ప తియ్యొద్దని చెప్తాను.

అపోహ: "పోర్టరు దండగ, మన బ్యాగు మనమే మోస్తే డబ్బు మిగులుతుంది."

మోయగలిగితే మోయండి, కాదనను. రామతీర్థం కొండ ఎనిమిది కిలోల బ్యాగుతో వారానికి రెండుసార్లు ఎక్కి దిగి చూడండి, మోకాళ్లే చెప్తాయి. ఇద్దరు కలిసి ఒక పోర్టరుని పెట్టుకుంటే ఖర్చు సగమవుతుంది, కానీ ఇద్దరి బరువూ కలిపి 20 కిలోలు దాటనివ్వకండి. కూలి ఎంత, అతని తిండి, పడక అందులో కలిసున్నాయా, బీమా ఉందా, ఇవి ట్రెక్కింగ్ ఏజెన్సీతో కాగితం మీద తేల్చుకోవాలి. బయల్దేరే పొద్దున అతని కాళ్లకేసి చూడండి. పల్చటి చెప్పులతో, స్వెట్టర్ ఒక్కదానితో మంచులోకి వచ్చే కుర్రాళ్లని చూస్తుంటాం, అలాంటప్పుడు బూట్లు, జాకెట్ అద్దెకి తీసి ఇప్పించడం కూడా మీ బడ్జెట్‌లో భాగమే. మన ఉద్దానం నుంచి, మన్యం ఊళ్ల నుంచి ఎంతమంది పొట్ట చేతపట్టుకుని హైదరాబాదు, చెన్నై వలసపోతున్నారో మనకి తెలుసు, మధ్యలో ఎవరో కూలి కోసేస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో కూడా తెలుసు. అలాంటి జిల్లాల వాళ్లం అక్కడికెళ్లి టిప్పు దగ్గర, కూలి దగ్గర పిసినారితనం చూపించకూడదు.

గైడు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ టూరిజం బోర్డు విదేశీ ట్రెక్కర్లకు గైడు తప్పనిసరి చేసింది, కాబట్టి ఆ పద్దు వేయకుండా లెక్క మొదలుపెట్టకండి. నలుగురైదుగురు కలిసి వెళ్తే తలా కొంచెమే పడుతుంది. ఒంటరిగా వెళ్తే చవక అనేది ఉత్త మాట, గది అద్దె, జీపు, గైడు అన్నీ ఒక్కడి నెత్తినే.

అపోహ: "ఫోన్‌పే ఉందిగా, క్యాష్ ఎందుకు?"

ఖాట్మండు, పోఖరా లాంటి చోట్ల క్యూఆర్ కోడ్ మీద మన యూపీఐ పనిచేసే దుకాణాలున్నాయి. కొండ మీద సిగ్నల్‌నీ, ఏటీఎంనీ నమ్ముకోలేం. నడకకి కావలసిన డబ్బంతా పోఖరాలోనే నేపాలీ నోట్లుగా మార్చుకుని, చిన్న నోట్లు ఎక్కువగా, రెండు మూడు చోట్ల దాచుకోవాలి. మన 100 రూపాయలకి 160 నేపాలీ రూపాయలు, ఈ రేటు 1993 నుంచి మారలేదు. అంతకంటే తక్కువ ఇస్తానన్న చోట మార్చకండి. ఇక్కడి నుంచి మన వంద రూపాయల నోట్లు పట్టుకెళ్తే ఇబ్బంది ఉండదు.

అపోహ: "ఆధార్ చాలు, పర్మిట్ అందరికీ ఒకటే."

ఆధార్ చాలదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఒరిజినల్ ఉండాలి. వీసా అక్కర్లేదు. అన్నపూర్ణ ప్రాంత పర్మిట్ మిగతా విదేశీయులకి 3,000 నేపాలీ రూపాయలు, సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వాళ్లకి 1,000, అంటే మనకి మన డబ్బుల్లో 625 పడుతుంది. ఎవరైనా పెద్ద అంకె చెప్తే రసీదు అడగండి.

అపోహ: "ముందు యాభై వేల సామాను కొనాలి."

బూట్లు మాత్రం సొంతవి కొనండి, రెండు నెలల ముందే కొని అరగదీయండి. స్లీపింగ్ బ్యాగు, డౌన్ జాకెట్ (ఈకలు కుక్కిన చలికోటు), చేతికర్రలు పోఖరాలో రోజు అద్దెకి దొరుకుతాయి. సామాను మీద మిగిల్చిన డబ్బుతో బీమా తీసుకోండి. హెలికాప్టర్‌లో దించాల్సి వస్తే లక్షల్లో అవుతుంది. పాలసీలో హెలికాప్టర్ ఉందో లేదో, ట్రెక్కింగ్‌కి ఎన్ని మీటర్ల ఎత్తు దాకా వర్తిస్తుందో ఆ వాక్యం వేలు పెట్టి చదవండి. కొన్ని పాలసీలు బేస్ క్యాంపు కంటే కిందే ఆగిపోతాయి.

చివరగా తేదీల సంగతి. మన దగ్గర చాలామంది విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను జాతర చూసుకుని, ఆ మర్నాడు బయల్దేరతామంటారు. సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, అవి నేపాల్‌లో దశైన్ పండగ రోజులు. పోర్టర్లు, గైడ్లు ఊళ్లకి వెళ్లిపోతారు, ఆఫీసులు మూసి ఉంటాయి, బస్సులు కిక్కిరిసిపోతాయి, దొరికిన జీపు అడిగినంత తీసుకుంటుంది. ఇంకో వారం పది రోజులు ఆగి బయల్దేరితే ఖర్చు దిగుతుంది, ఆకాశం కూడా అప్పటికి తేటపడి ఉంటుంది. నేపాల్ మొదటిసారికి ఎక్కువ అనిపిస్తే సందక్‌ఫు చూడండి, 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్ అంచున అదే పద్ధతిలో ఊరూరూ ఆగుతూ నడవచ్చు. నోట్లు మార్చే పని లేదు, విజయనగరం మీదుగా గువాహటి వైపు వెళ్లే రైళ్లు న్యూ జల్పాయిగురిలో ఆగుతాయి.