ఆల్బుమిన్ తగ్గితే ప్రోటీన్ పౌడరేనా?

రిపోర్టులో ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్) 2.4 అని కనబడగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, "ప్రోటీన్ పౌడర్ ఏది మంచిదండీ?" కంగారు సహజమే. కానీ ముందు ఆ ఆల్బుమిన్ ఎటు పోతోందో తేల్చాలి.

అపోహ: ఆల్బుమిన్ తగ్గిందంటే తిండి చాలట్లేదు.

వాస్తవం: తిన్న ప్రోటీన్ ఏదైనా పేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోవాల్సిందే. తెల్లసొన తిన్నా అది ఆల్బుమిన్‌గా రక్తంలోకి చేరదు. ఆ ముడిసరుకుతో లివర్ రోజుకు 10-15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేస్తుంది. ఉన్నదాంట్లో సగం హరించుకుపోవడానికి సుమారు 20 రోజులు పడుతుంది. కాబట్టి నాలుగు రోజుల్లో 4 నుంచి 2.4కి పడిపోయిందంటే తిండిమీద నెపం వేయకండి. తీవ్రమైన ఇన్ఫెక్షన్లోనో పెద్ద ఆపరేషన్ తర్వాతో సన్న రక్తనాళాల గోడలు వదులై ఆల్బుమిన్ కణజాలంలోకి జారుతుంది. అదే సమయంలో లివర్ సీఆర్పీ, ఫైబ్రినోజన్ అనే ఇతర ప్రోటీన్ల తయారీ పెంచి ఆల్బుమిన్‌ది తగ్గిస్తుంది. అసలు జబ్బు లొంగితే అంకె మెల్లగా దానంతటదే లేస్తుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది కిడ్నీ సంగతి మరిచిపోవడం. పొద్దున కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు, మూత్రంలో పోని నురగ. ఇవి కనబడుతున్నా నెలల తరబడి పౌడర్లు కలుపుకొని తాగుతుంటారు! నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో (కిడ్నీ వడపోత దెబ్బతిని ప్రోటీన్ కారిపోయే జబ్బు) పెద్దవాళ్లకు రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రోటీన్ మూత్రంలో పోతుంది. వడపోతలో జారినదాంట్లో మరికొంతను కిడ్నీ గొట్టాలే విరగ్గొట్టేస్తాయి. అందుకే లివర్ ఎంత తయారుచేసినా చాలదు. ఇక్కడ ప్రోటీన్ అతిగా తింటే మూత్రంలో పోయేదే పెరుగుతుంది. రక్తాన్ని గడ్డకట్టకుండా చూసే యాంటీథ్రాంబిన్ కూడా పోతుంది కాబట్టి కాలి సిరల్లో గడ్డలు కట్టే ముప్పుంది. ఒక్కసారి పట్టిన మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చూపిస్తే చాలు, విషయం బయటపడుతుంది.

సిర్రోసిస్‌లో (లివర్ మచ్చలుకట్టి గట్టిపడే జబ్బు) మాత్రం జనం తలకిందులుగా చేస్తారు, ఉన్న ప్రోటీన్ మాన్పిస్తారు. అక్కడ కిలో బరువుకు రోజుకు 1.2-1.5 గ్రాములు అవసరం.

అపోహ: ఒక బాటిల్ ఆల్బుమిన్ ఎక్కిస్తే సరి.

వాస్తవం: 20 శాతం ఆల్బుమిన్ 100 మి.లీ. అంటే 20 గ్రాములు. నెఫ్రోటిక్‌లో అందులో చాలాభాగం ఒకటి రెండు రోజుల్లో మూత్రంలోకే. సిర్రోసిస్‌లో పొట్టనీరు 5 లీటర్లకు మించి తీసినప్పుడు లీటరుకు 6-8 గ్రాముల చొప్పున ఇవ్వడం వంటి సందర్భాల్లో అది నిజంగా పనికొస్తుంది. రిపోర్టులో అంకె అందంగా కనబడటానికి ఎక్కించడం దండగ.

అపోహ: టోటల్ ప్రోటీన్ నార్మల్, ఇక భయం లేదు.

వాస్తవం: ఆల్బుమిన్ 2.5, గ్లోబ్యులిన్ 4.5 ఉన్నా మొత్తం 7 అనే వస్తుంది. గ్లోబ్యులిన్లలో యాంటీబాడీలూ ఉంటాయి; వాటిని తయారుచేసేది లివర్ కాదు, ప్లాస్మా కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు). గ్లోబ్యులిన్ ఇలా పెరిగితే దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్, సిర్రోసిస్, మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) లాంటివి వెతకాలి. రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరిసిస్ పరీక్ష అడగండి.

అపోహ: ఆల్బుమిన్ బాగుంటే లివర్ భేష్.

వాస్తవం: లివర్ హఠాత్తుగా దెబ్బతింటే ముందు పెరిగేది ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె); ఆల్బుమిన్ తగ్గడానికి రోజులు పడుతుంది. రక్తం గడ్డకట్టడానికి లివర్ తయారుచేసే ఫ్యాక్టర్ 7 సగానికి తగ్గడానికి కొన్ని గంటలే చాలు.

ఇంకొకటి, సెలైన్ ఎక్కుతున్న చేతినుంచే రక్తం తీస్తే అంకె దొంగగా తగ్గుతుంది. రెండో చేతినుంచి తీయించి మళ్లీ చూడండి.